రోహిణి కార్తె ఎండకు కూడా డెంగీ దోమ ఎందుకు చావట్లేదు? కాలనీకి ఫాగింగ్ మిషన్ కొనాలా?

కాలనీ_కార్యదర్శి

హైదరాబాద్ శివారులో 210 ఇళ్ల కాలనీ. సొంత ఇళ్లు, చిన్న అపార్ట్‌మెంట్లు, మధ్యలో పని నడుస్తున్న బిల్డింగులు నాలుగైదు. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది కాబట్టి ఇంటింటికీ సంపు ఉంది, కొన్నిళ్లలో డ్రమ్ములు కూడా ఉన్నాయి. వానలు మొదలయ్యేలోపు సంఘం డబ్బుతో ఫాగింగ్ మిషన్ కొందామని మీటింగులో ప్రతిపాదన వచ్చింది. కొనేముందు తెలిసినవాళ్లను అడుగుదామని ఈ పోస్టు.

డెంగీ అంటే ఆగస్టు, సెప్టెంబరు జబ్బు అనుకునేవాళ్లం. ఇప్పుడు జూన్‌లోనే కేసులు వినబడుతున్నాయి, డిసెంబరులో కూడా ఒకటీ అరా తగులుతున్నాయి. వాతావరణ మార్పే కారణం అంటున్నారు. అదే నిజమైతే రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు, 43, 44 డిగ్రీలకు దోమలు మాడి చావాలి కదా? వేడి పెరిగితే దోమల జబ్బులు పెరగాలా, తగ్గాలా?

రెండో సందేహం: వానలు ఎక్కువైతే దోమలు ఎక్కువంటారు. మరి వాన మొహం చాటేసిన ఏడాది కూడా డెంగీ వస్తోంది. ఇదెలా?

మూడోదే అసలు సంగతి. మిషన్ కొనాలా వద్దా? వద్దంటే ఆ డబ్బుతో ఏం చేయాలి? కొలతలతో సహా చెబితే మీటింగులో చదివి వినిపిస్తాను.

సూక్ష్మదర్శిని

మొదటి ప్రశ్న వరకు నేను చెబుతాను. వేడి దోమ మీద ఒకలా పనిచేస్తుంది, దోమ ఒంట్లో ఉన్న వైరస్ మీద ఇంకోలా పనిచేస్తుంది. రెండూ కలిపి చూడకపోతే లెక్క కుదరదు.

డెంగీ రోగిని కుట్టిన ఈడిస్ దోమ ఆ పూటే ఇంకొకరికి జబ్బు అంటించలేదు. తాగిన రక్తంలోని వైరస్ దోమ పేగులో పెరిగి, ఒళ్లంతా పాకి, లాలాజల గ్రంథుల్లోకి చేరాలి. అక్కడికి చేరాక ఆ దోమ చచ్చేదాకా ప్రమాదమే. ఈ చేరడానికి పట్టే కాలం సగటున 25 డిగ్రీల దగ్గర 15 రోజులు, 30 డిగ్రీల దగ్గర ఆరున్నర రోజులు. ఆడదోమ బతికేదేమో మామూలుగా రెండు మూడు వారాలు. రోజుకు నూటికి 10 దోమలు ఏదో ఒక కారణంతో చస్తాయనుకుని లెక్కేయండి. రోగిని కుట్టిన 100 దోమల్లో 15 రోజులకు మిగిలేవి 21. ఆరున్నర రోజులకైతే 50. దోమల సంఖ్య ఒక్కటి కూడా పెరగలేదు, జబ్బు అంటించగల దోమలు మాత్రం రెట్టింపు దాటాయి. గుడ్డు నుంచి దోమ అయ్యే కాలం కూడా వేడికి తగ్గుతుంది. మన జులై, ఆగస్టు వాతావరణంలో 7 నుంచి 10 రోజులు చాలు.

అలాగని వేడి పెరిగేకొద్దీ జబ్బు పెరుగుతూ పోదు. ఈడిస్ ఈజిప్టై దోమతో డెంగీ వ్యాపించడానికి అన్నిటికన్నా అనువైన సగటు 29 డిగ్రీల ప్రాంతం. 18కి దిగువన, 34కి ఎగువన వ్యాప్తి దాదాపు ఆగిపోతుంది. దోమ తొందరగా చస్తుంది, గుడ్లు తగ్గుతాయి. ఇక్కడ సగటు అంటే పగలూ రాత్రీ కలిపి అని గుర్తుంచుకోండి, పేపర్లో వేసే మధ్యాహ్నం 44 కాదు. హైదరాబాద్‌లో మే నెల సగటు 33 ప్రాంతంలో ఉంటుంది, అంటే పై అంచుకు దగ్గర. జులై నుంచి అక్టోబరు దాకా 26, 27. నవంబరులో 23, 24కి దిగుతుంది. మే నెల ఇంకో డిగ్రీ వేడెక్కితే డెంగీకి కలిసొచ్చేది పెద్దగా లేదు, కాస్త తగ్గినా తగ్గవచ్చు. అదే డిగ్రీ నవంబరులో పెరిగితే, ముఖ్యంగా రాత్రులు చల్లబడకపోతే, సీజన్ తోక డిసెంబరులోకి సాగుతుంది. మీరు డిసెంబరులో చూస్తున్న ఒకటీ అరా కేసులను ఈ కోణంలో చూడాలి. చల్లని నెలల్లోనూ, చల్లని ఎత్తుల్లోనూ పెరిగే డిగ్రీకి ఉన్న బలం మండుటెండలో పెరిగే డిగ్రీకి లేదు.

ఇక 44 డిగ్రీలకు ఎందుకు చావట్లేదు అంటే, అది ఎండలో ఉండదు కాబట్టి. వాతావరణ శాఖ థర్మామీటరు బయటి గాలిని కొలుస్తుంది. ఈ దోమ కాపురం మంచం కింద, కొక్కేనికి వేలాడే బట్టల వెనక, బీరువా చాటున. కూలర్ నడిచే గదిలో మధ్యాహ్నం కూడా 28, 30 మించదు. మే నెలలో మనుషులు ఎక్కడ చల్లగా ఉంటే అదీ అక్కడే ఉంటుంది. పైగా గుడ్లు ఎండినా చావవు. పాత్ర గోడకు అంటుకుని నీళ్లు లేకుండా ఆరు నెలలు కూడా నిలుస్తాయి, తడి తగిలినప్పుడు పొదుగుతాయి. అన్నీ ఒకేసారి పొదగవు కూడా. మొదటి వానకు కొన్ని, రెండో వానకు కొన్ని.

జోన్_సూపర్‌వైజర్

రెండో ప్రశ్నకు నేను. వాన లేని ఏడాది డెంగీ ఎందుకంటే, నీళ్లు రానప్పుడే జనం నీళ్లు దాస్తారు. నల్లా రోజూ వచ్చే చోట బకెట్టు, బిందె చాలు. నాలుగు రోజులకోసారి వచ్చే చోట 200 లీటర్ల డ్రమ్ము, సిమెంటు తొట్టి, సంపు కావాలి. ఈ దోమకు కావలసింది మురుగు కాదు, మనం తాగే నీళ్లే. బార్బడోస్ దీవిలో వాన లెక్కలూ డెంగీ లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే, కరవు వచ్చిన నాలుగైదు నెలలకు ఒకసారి, భారీ వానలు పడిన నెలకు ఒకసారి ముప్పు పెరిగిందని తేలింది. ఎండిన వేసవి, వెనకే గట్టి వాన, ఈ రెండూ కలిస్తే అన్నిటికన్నా చెడ్డ కలయిక. మన దగ్గర వానలు కొన్ని రోజుల్లోనే కుండపోతగా పడి, మధ్యలో వారాల తరబడి ఎండ కాయడం ఎక్కువైంది. ఇది సరిగ్గా ఆ కలయికే.

వాన ఎక్కువ పడితే దోమ ఎక్కువ అన్నది కూడా సగం నిజమే. పుణే మీద అక్కడి ఉష్ణమండల వాతావరణ సంస్థ 2025లో వెలువరించిన పరిశోధన ప్రకారం సగటు 27 డిగ్రీలు దాటి, గాలిలో తేమ 60 నుంచి 78 శాతం ఉండి, వాన మోస్తరుగా పడితే డెంగీ పెరిగింది. వారంలో 150 మిల్లీమీటర్లు మించిన వాన గుడ్లనూ లార్వానూ (గుడ్డు పగిలి నీళ్లలో ఈదే పిల్ల పురుగు) కొట్టుకుపోయేలా చేసింది. అయితే ఆ కొట్టుకుపోవడం బయట ఉన్న డబ్బాలకూ టైర్లకూ. మూతపెట్టిన మీ సంపులోకి ఏ వరదా రాదు కదా.

వరద వచ్చి పోయాక సంగతి వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినట్టు మునిగినప్పుడు మొదటి వారం దోమ తగ్గినట్టే కనిపిస్తుంది. నీళ్లు తీశాక పాడైన సామాను, టైర్లు, ప్లాస్టిక్ డబ్బాలు వీధిలో గుట్టలు పడతాయి. వాటిలో నిలిచిన నీళ్లు పది రోజుల్లో దోమలను ఇస్తాయి. చెత్త ఎత్తే పనికి ఉన్న గడువు ఆ పది రోజులే. బ్లీచింగ్ చల్లి ఫొటో దిగితే సరిపోదు.

కూలర్ గురించి గట్టిగా చెప్పాలి. మే, జూన్ కేసుల వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది. బయట 43 ఉన్నా కూలర్ తొట్టిలో నీళ్లు చల్లగా ఉంటాయి, ఎందుకంటే ఆవిరై చల్లబరచడమే దాని పని. పక్కన గడ్డి ప్యాడ్ నీడ ఇస్తుంది. తొట్టి ఎప్పటికప్పుడు నింపడమే తప్ప పూర్తిగా వంచేవాళ్లు తక్కువ. నీటి గీతకు కాస్త పైన తొట్టి గోడ మీద టార్చి వేసి చూడండి. ఆవగింజలో సగం కూడా లేని నల్లటి చుక్కలు ఒక్కొక్కటిగా అంటుకుని ఉంటాయి. అవే గుడ్లు. నీళ్లు పారబోస్తే లార్వా పోతుంది, గుడ్లు పోవు. కొబ్బరి పీచు లేదా గట్టి బ్రష్‌తో గోడలు రుద్ది కడగాలి. సీజన్ అయిపోయాక అటక మీద పెట్టేముందు కూడా ఇలాగే రుద్ది, ప్యాడ్లు తీసేసి, ఆరబెట్టి పెట్టాలి. లేకపోతే వచ్చే ఏప్రిల్‌లో నీళ్లు పోసిన వారం పది రోజులకే మీ ఇంట్లో మొదటి దోమ లేస్తుంది.

లెక్కల_పిచ్చి

ఒక అడ్డుమాట. వాతావరణ మార్పు నిజమే, కానీ ప్రతి జ్వరాన్నీ దాని ఖాతాలో వేస్తే మున్సిపాలిటీకి, బిల్డర్‌కి, మనకి అందరికీ హాయి. ఎవరూ సంపు మూత బిగించక్కర్లేదు.

దేశంలో మలేరియా కేసులు 2015లో 11 లక్షలు దాటాయి, 2023లో సుమారు 2.27 లక్షలు. ఈ ఎనిమిదేళ్లలో దేశం చల్లబడలేదు. మందు దోమతెరలు, ఊళ్లోనే రక్తపరీక్ష, అక్కడికక్కడే మందులు, ఇవి పనిచేశాయి. అదే 2023లో డెంగీ 2.89 లక్షలు. ఒకే దేశం, అదే వేడి, ఒకటి పడింది, ఒకటి పెరిగింది. తేడా ఎక్కడుందంటే మలేరియా దోమ రాత్రి కుడుతుంది కాబట్టి తెర ఆపుతుంది. డెంగీ దోమ పొద్దున్నే ఒకసారి, సాయంత్రం చీకటి పడేముందు ఇంకోసారి జోరుగా కుడుతుంది. ఆ వేళల్లో తెరలో కూర్చునేదెవరు? దానికితోడు ఊళ్లు పెరిగాయి, కట్టుబడులు పెరిగాయి, వాడి పారేసే ప్లాస్టిక్ పెరిగింది.

డెంగీ అంకెలు చూసేటప్పుడు పరీక్షలు పెరగడాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. జ్వరం వచ్చిన మొదటి ఐదు రోజుల్లో వైరస్ ప్రోటీన్‌ను పట్టే ఎన్‌ఎస్1 పరీక్ష, ఆ తర్వాత ఒంట్లో పుట్టిన యాంటీబాడీని పట్టే ఐజీఎం పరీక్ష. ప్రభుత్వ లెక్కకు ల్యాబు యంత్రం మీద ఎలైజా పద్ధతిలో చేసినదే ప్రమాణం, కార్డు టెస్టు పాజిటివ్‌ను అనుమానిత కేసుగానే చూస్తారు. కాబట్టి ప్రైవేటు ల్యాబులో విన్న సంఖ్యనూ, జిల్లా బులెటిన్‌లోని సంఖ్యనూ కలిపి గ్రాఫు గీయకండి.

ఇంకో మాట. ప్రతి దోమనూ ఒకే గాటన కట్టొద్దు. మీ మోరీ దగ్గర గుయ్యిమనేది క్యూలెక్స్. అది బోదకాలు మోస్తుంది తప్ప డెంగీ మోయదు. మెదడువాపు తెచ్చే క్యూలెక్స్ ఇంకో రకం, అది వరి మళ్లలో పెరిగి, కొంగల నుంచీ పందుల నుంచీ వైరస్ తెస్తుంది. దోమలు బాగా తగ్గాయని కాలనీ అంతా సంతోషించిన వారమే డెంగీ రావడానికి కారణం ఇదే, తగ్గినవి క్యూలెక్స్ దోమలు.

కాలనీ_కార్యదర్శి

చాలా స్పష్టంగా ఉంది, అందరికీ ధన్యవాదాలు. సూపర్‌వైజర్ గారూ, మిషన్ సంగతి తేల్చండి. పొగ వస్తే పని జరిగినట్టు కనిపిస్తుందని మా వాళ్ల వాదన. అలాగే మూడు చిన్న ప్రశ్నలు. సంపులో అబేట్ (లార్వాను చంపే మందు) వేయొచ్చా, ఎంత? లిఫ్టు గుంతలో నీళ్లున్నాయి, వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోయమంటున్నారు, సరేనా? గంబూసియా చేపలు తెప్పిస్తే ఎలా ఉంటుంది?

జోన్_సూపర్‌వైజర్

మిషన్ వద్దు. పొగ ఆ నిమిషాన ఎగురుతున్న దోమను మాత్రమే చంపుతుంది. మందు బిందువులు గాలిలో ఉన్నంతసేపే పని, తర్వాత గోడ మీద ఏమీ మిగలదు. లార్వాకూ గుడ్లకూ దానితో సంబంధం లేదు, మర్నాటికి కొత్త దోమలు లేస్తాయి. పొద్దున ఆరు, ఎనిమిది మధ్య, లేదా సాయంత్రం చీకటికి ముందు, గాలి నెమ్మదిగా ఉన్నప్పుడు చేస్తే కాస్త ఫలితం. పది దాటాక నేల వేడెక్కి పొగ పైకి లేచిపోతుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఏమిటంటే మిషన్ చప్పుడు వినగానే ఇళ్లవాళ్లు కిటికీలు వేసేస్తారు. దోమ లోపల, పొగ బయట. ఒకే మందు పదేపదే వాడితే దోమ దానికి అలవాటు పడుతుంది. డీజిల్‌లో కలిపిన మందు పిల్లలకూ ఆస్తమా ఉన్నవాళ్లకూ మంచిది కాదు.

కేసు తేలిన ఇంట్లో, ఆ చుట్టుపక్కల ఇళ్ల గదుల్లో చేసే స్ప్రే వేరే సంగతి, అది పనికొస్తుంది. 2 శాతం పైరెత్రమ్ అనే దోమల మందు ఒక వంతుకు కిరోసిన్ 19 వంతులు కలిపి, తిండి పదార్థాలు మూసి, మనుషుల్ని బయటికి పంపి, గదులు మూసి కొడతారు. అది శాఖ సిబ్బంది పని, కబురు చేస్తే వస్తారు. మీరు చేయాల్సింది రోగిని మొదటి ఐదు రోజులు పగలు కూడా దోమతెరలో ఉంచడం. ఆ రోజుల్లోనే రోగి రక్తంలో వైరస్ ఉంటుంది, దోమ అక్కడ ఎక్కించుకోకపోతే గొలుసు తెగిపోతుంది. ఖర్చు ఒక తెర.

ఇక కాలనీ పని. వారానికి ఒక రోజు పెట్టుకోండి. మన దగ్గర శుక్రవారం డ్రై డే, అంటే నిల్వ నీళ్లు వంచి పాత్రలు ఆరబెట్టే రోజు, అంటారు, ఆదివారం పదింటికి పది నిమిషాలు అని కూడా నడిచింది. ఏ రోజైనా సరే, 7 రోజులు మించకూడదు. 10 రోజులకు ఒకసారి చేస్తే ఒక బ్యాచ్ దోమలు ఎగిరిపోతాయి. ఇంటికి 5 నిమిషాలు పడితే 210 ఇళ్లకు 1,050 నిమిషాలు, అంటే పదిహేడున్నర గంటలు. ఇద్దరేసి చొప్పున 6 జట్లు పెడితే ఒక ఉదయం మూడు గంటల్లో అయిపోతుంది. జట్టుకు ఒక టార్చి, గరిటె, తెల్లటి పళ్లెం, నోటుబుక్కు చాలు.

చూసే వరుస: సంపు, పైన ట్యాంకు, డ్రమ్ములు, కూలర్, ఫ్రిజ్ వెనక ట్రే, ఏసీ నీళ్ల బకెట్, పూలకుండీ కింది పళ్లెం, మనీప్లాంట్ సీసా, వాడని టాయిలెట్, డాబా మీది పాత రోలు, టైరు, కొబ్బరి బోండాలు, పక్షులకు నీళ్లు పెట్టే చిప్ప. కట్టే బిల్డింగుల్లో స్లాబు మీద క్యూరింగ్ నీళ్లు, సెల్లారు, డ్రమ్ములు. కాలనీ అంతా శుభ్రంగా ఉండి ఒక్క కట్టే బిల్డింగ్ నుంచే దోమ రావడం సర్వసాధారణం, ఎందుకంటే ఈ దోమ మహా అయితే రెండు మూడు వందల మీటర్లు పోతుంది. మేస్త్రీతో మాట్లాడి వారానికి ఒకసారి క్యూరింగ్ నీళ్లను పూర్తిగా ఎండనివ్వాలి, లేదా తడి గోనెసంచులు పరిచి క్యూరింగ్ చేయించాలి.

నీళ్లు తోడి పళ్లెంలో పోస్తే లార్వా కదులుతుంది. డెంగీ దోమ లార్వా తల కిందికి వేలాడుతుంది, వెలుతురు పడగానే అడుక్కి దిగి చాలాసేపటికి గానీ పైకి రాదు. నీటిమట్టానికి సమాంతరంగా పడుకుని ఉంటే మలేరియా జాతి. కామాలాగా వంకర తిరిగినవి ప్యూపాలు. అవి కనిపిస్తే ఒకటి రెండు రోజుల్లో దోమ లేస్తుందని అర్థం, ఆ నీళ్లు అప్పటికప్పుడు నేల మీద పారబోయాలి, మోరీలో కాదు.

నోటుబుక్కులో రెండు అంకెలు రాయండి. లార్వా దొరికిన ఇళ్లను చూసిన ఇళ్లతో భాగించి వందతో హెచ్చిస్తే హౌస్ ఇండెక్స్. 210లో 21 ఇళ్లయితే 10. వంద ఇళ్లకు లార్వా ఉన్న పాత్రలెన్నో చెప్పేది బ్రేటో ఇండెక్స్. 210 ఇళ్లలో 35 పాత్రలైతే దాదాపు 17. హౌస్ ఇండెక్స్ 5 దాటితే ఆందోళన పడాల్సిందే. మీటింగులో వాదన కన్నా ఈ అంకె వారంవారం తగ్గుతోందా లేదా చూపించండి.

సంపు సంగతి. వారం వారం ఖాళీ చేయడం కుదరదు కాబట్టి మూత ముఖ్యం. ఇనుప మూత అంచుకూ సిమెంటు చట్రానికీ మధ్య వేలు దూరేంత సందు చాలా ఇళ్లలో ఉంటుంది, రబ్బరు పట్టీ అంటించి మూయండి. ట్యాంకు ఓవర్‌ఫ్లో గొట్టానికీ, సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికీ నైలాన్ దోమతెర గుడ్డ కట్టి వైరు బిగించాలి. ఎండకు ఏడాదికే పెళుసుబారుతుంది, వానాకాలం ముందు మార్చాలి. నీళ్లు అడుగంటిన రోజు గోడలు రుద్ది కడగండి. నల్లా నీళ్లలో ఉండే క్లోరిన్‌కు లార్వా చావదని కూడా చెప్పండి, చాలామంది ఆ ధీమాతో ఉంటారు.

అబేట్ అంటే టెమీఫాస్. తాగే నీళ్లకు 1 పీపీఎం, అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము, మించకూడదు. 1 శాతం గుళికలైతే 1,000 లీటర్లకు 100 గ్రాములు, 5,000 లీటర్ల సంపుకు 500 గ్రాములు. కళ్లతో అంచనా వేసి దోసిట పోయొద్దు, సిబ్బందితో కొలిచి వేయించండి. 50 శాతం ద్రవం మాత్రం తాగని నీళ్లకే. 10 లీటర్ల నీళ్లలో రెండున్నర మిల్లీలీటర్లు కలిపి, నీటి ఉపరితలం చదరపు మీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున వారానికోసారి కొడతారు.

లిఫ్టు గుంతలో నూనె పోస్తే లార్వాకు ఊపిరి ఆడక చస్తుంది, అది నిజమే. కానీ గుంతలో కరెంటు, కేబుళ్లు, స్ప్రింగులు ఉంటాయి, వాడేసిన ఆయిల్ ఇంకితే నేల నీళ్లూ పాడవుతాయి. చిన్న మోటారు పెట్టి తోడించి, నీరు ఊరే పగులు మూయించండి. ఆలోపు బీటీఐ పొడి వేయించవచ్చు, అది లార్వాను చంపే బ్యాక్టీరియా మందు. మోరీల్లో వేసే ఆయిల్ బాల్స్ క్యూలెక్స్‌కే, డెంగీకి వాటితో ప్రయోజనం లేదు.

గంబూసియా బావికి, వాడని సిమెంటు తొట్టికి, ఫౌంటెన్‌కు బాగుంటుంది. రోజుకు వంద పైనే లార్వా తింటుంది. చెరువులో మాత్రం వదలొద్దు, అక్కడున్న చిన్న నాటు చేపల గుడ్లూ పిల్లలూ తినేస్తుంది. క్లోరిన్ నీళ్లతో నింపిన సంపులో బతకడం కూడా కష్టం.

మన్యం_గాలి

సూక్ష్మదర్శిని గారు చల్లని ఎత్తుల గురించి అన్నమాట మా పాడేరు, చింతపల్లి, అరకు వైపు మలేరియాకు సరిగ్గా సరిపోతుంది, కాబట్టి ఆ లెక్క కూడా వేస్తాను. డెంగీ వైరస్‌కు ఉన్నట్టే మలేరియా పరాన్నజీవికీ దోమ ఒంట్లో ఎదిగే కాలం ఉంది. మన దగ్గర ముఖ్యంగా ఉండే రెండు రకాల్లో ఒకటి ఫాల్సిపారమ్, ఇంకోటి వైవాక్స్. ఫాల్సిపారమ్‌కు 16 డిగ్రీల కింద ఎదుగుదల ఉండదు. ఆ పైన, సగటులోంచి 16 తీసేసి 111ని దానితో భాగిస్తే ఎన్ని రోజులో వస్తుంది. 20 డిగ్రీలకు 28 రోజులు. 22కి పద్దెనిమిదిన్నర. 25కి 12. వైవాక్స్‌కు గడప 14.5, భాగించాల్సింది 105ని. 20 డిగ్రీలకు 19 రోజులు.

పైన చెప్పిన రోజుకు పది శాతం చావు లెక్కే తీసుకుంటే, 100 దోమల్లో 28 రోజులు దాటి బతికేవి 5. పద్దెనిమిదిన్నర రోజులకైతే 14. రెండు డిగ్రీలకు దాదాపు మూడింతలు. అదే రెండు డిగ్రీలు మైదానంలో 28 నుంచి 30కి పెరిగితే 38 కాస్తా 43 అవుతుంది, అంతే. 900, 1,000 మీటర్ల ఎత్తున్న పల్లెల్లో చలికాలం మలేరియాకు సెలవు. ఆ సెలవు ముందూ వెనకా కొన్ని వారాలు కురచబడితే వచ్చే తేడా ఇది. పగలు వెచ్చగా, రాత్రి చలిగా ఉండే చోట సగటు లెక్క కన్నా కూడా ఎదుగుదల కొంచెం వేగంగానే సాగుతుంది, వేడి ప్రాంతాల్లో ఇది తిరగబడుతుంది.

మలేరియాను మోసేది దోమేనని తేల్చిన రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 16న రోగి రక్తం తాగించిన దోమను 20న కోసి, కడుపు గోడ మీద పరాన్నజీవి తిత్తులు చూశాడు. నాలుగు రోజులకు తిత్తులే ఏర్పడ్డాయి తప్ప లాలాజలంలోకి ఇంకా రాలేదు. ఆగస్టు కాబట్టి నాలుగు రోజులకు ఆ మాత్రమైనా కనబడింది.

ఏజెన్సీలో పని చేసేచోట తప్పులు ఎక్కడ జరుగుతాయో చెప్తాను. మలేరియా మోసే దోమలు ఇక్కడ రెండు: వాగుల్లో నెమ్మదిగా పారే తేట నీళ్లలో ఫ్లూవియాటిలిస్, గుంతల్లో, పొలాల్లో క్యూలిసిఫేసిస్. కుండపోత వాన వాగును కడిగేస్తుంది. వాన ఆగి వారం పదిరోజులు ఎండ కాస్తే వాగు అంచుల్లో రాళ్ల మధ్య మడుగులు మిగులుతాయి, దోమ అక్కడ లేస్తుంది. ఇప్పుడు వానలు తెరిపి తెరిపిగా పడుతుండటంతో ఈ మడుగులు సీజన్‌లో ఎన్నోసార్లు ఏర్పడుతున్నాయి.

గోడలకు కొట్టే పైరెత్రాయిడ్ మందు 10, 12 వారాలు పనిచేయాలి. కొట్టిన పక్షానికే పండగ వచ్చి మట్టి, పేడతో గోడలు అలికితే మందు అడుగున పడిపోతుంది. కాబట్టి తేదీని పండగలు చూసి పెట్టాలి, లేదా అలుకులు అయ్యాకే కొట్టాలి. పడక గదిలో దేవుడి మూల ఉందని వదిలేస్తే ఆ గదిలోనే దోమ వాలుతుంది. పశువుల పాక కూడా వదలకూడదు, క్యూలిసిఫేసిస్ పశువుల దగ్గరే ఎక్కువ ఉంటుంది.

మందు దోమతెరను ఇచ్చిన రోజు నీడలో ఆరేసి మర్నాటి నుంచి వాడాలి. మామూలు సబ్బుతో ఉతకాలి, బండకేసి బాదకూడదు, నీడలో ఆరబెట్టాలి. 20 ఉతుకుల దాకా మందు నిలుస్తుంది. వాగులో ఉతికితే చేపలు చస్తాయి. చేపల వలగానో, మడికి కంచెగానో వాడితే ఇక చెప్పేదేముంది.

వైవాక్స్ వస్తే ప్రైమాక్విన్ మాత్రలు 14 రోజులు పూర్తిగా మింగాలి, జీ6పీడీ లోపం (ఈ మందుకు ఎర్ర రక్తకణాలు చితికిపోయే పుట్టుక లోపం) లేదని చూసుకుని. గర్భిణులకు ఇవ్వరు. మూడో రోజు జ్వరం తగ్గిందని ఆపేస్తే కాలేయంలో దాగిన పరాన్నజీవి నెలల తర్వాత లేస్తుంది. అది లేచే నాటికి వేడి, వాన కుదిరి ఉంటే ఊరికంతటికీ విత్తనం అదే.

డాలస్_తెలుగు

ఇటువైపు సంగతి ఒక్కటి చేరుస్తాను. డాలస్ ప్రాంతంలో 2012 వేసవిలో దోమల వల్ల వచ్చే వెస్ట్ నైల్ అనే వైరస్ జబ్బు వ్యాపించి, విమానాలతో మందు చల్లించారు. ముందు చలికాలం వెచ్చగా గడవడం, వేసవి ఎండిపోయి ఉండటం రెండూ కలిశాయి. ఇక్కడ మోసేది మన మోరీ క్యూలెక్సే. వాన పడకపోతే వీధి డ్రైనేజీ చానెళ్లలో నీరు పారడం ఆగి, ఆకులు కుళ్లి నిలిచిపోతుంది, దానికి అదే కావాలి. పక్షుల్లో తిరిగే వైరస్, కాకి జాతి పక్షులు ఎక్కువ చస్తాయి. డెంగీలా పగలు కాదు, సాయంత్రం నుంచి తెల్లవారుదాకా కుడుతుంది. కాబట్టి ఇక్కడి మనవాళ్లు వెనక పెరట్లో రాత్రి భోజనాలకు కూర్చునేటప్పుడు దోమ కుట్టకుండా డీట్ లేదా పికారిడిన్ ఉన్న మందు పూసుకోవడం అవసరం, ముఖ్యంగా యాభై దాటి వచ్చి ఉన్న అమ్మానాన్నలకు. నాడీమండల జబ్బు పెద్ద వయసువాళ్లకే ఎక్కువ.

మన దేశం నుంచి వెళ్లే లింకు కూడా ఉంది. 2007లో ఇటలీలో రవెన్నా దగ్గర ఊళ్లో చికున్‌గున్యా పుట్టింది. మొదటి రోగి కేరళ నుంచి వచ్చిన ప్రయాణికుడు. దోమ మాత్రం అక్కడిదే, ఈడిస్ ఈజిప్టైకి చుట్టమైన ఈడిస్ ఆల్బోపిక్టస్. జ్వరంతో విమానం ఎక్కేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. దిగిన ఊళ్లో దోమ ఉండి, వైరస్ పండేంత వెచ్చదనం ఉంటే చాలు. ఆల్బోపిక్టస్‌కు అనువైన సగటు 26 డిగ్రీలు, ఈజిప్టై కన్నా మూడు డిగ్రీలు తక్కువ, అందుకే యూరప్‌లో ముందడుగు దీనిది.

కాలనీ_కార్యదర్శి

మిషన్ ప్రతిపాదన వెనక్కి తీసుకునేలా మాట్లాడతాను. ఆఖరి సందేహం. సంపు మూతలకు రబ్బరు పట్టీ 210 ఇళ్లకూ సంఘం తరఫునే వేయిస్తే, ఒక్కో మూతకు ఎంత పొడవు పడుతుంది? అద్దె ఇళ్లవాళ్లు వేయించుకోరు, అందుకే అడుగుతున్నా.

జోన్_సూపర్‌వైజర్

మామూలు రెండడుగుల చదరపు మూతకు చుట్టూ ఎనిమిది అడుగులు, మూలల్లో మడతకు ఇంకో అర అడుగు వేసుకోండి. 210కి దాదాపు 1,800 అడుగులు, అంటే 550 మీటర్లు. రోల్స్ కొంటే చవక. అంటించేముందు చట్రం మీది తుప్పు, సిమెంటు పెళ్లలు గీకి తుడవాలి, లేకపోతే నెల తిరక్కుండా ఊడిపోతుంది. మూత మీద ఎత్తడానికి పెట్టిన రంధ్రం ఉంటుంది చూడండి, దాన్ని అందరూ మర్చిపోతారు. దోమకు ఆ బెజ్జం చాలు. రబ్బరు బిరడా కొట్టించండి.